పసుపు తిరగని నీళ్లు

నా సంచిలో ఒక గాజు గొట్టం,
వేలెడంత సీసా, ఒక నోటుబుక్కు.
నల్లా నీళ్లు పట్టి చుక్కలు వేస్తే
పసుపు రంగు తిరగాలి.
తిరిగితే ఆ ఇల్లు ఆ పూటకు గట్టెక్కినట్టే.
తిరగకపోతే ఇంటి నంబరు, గల్లీ పేరు,
పక్కన ఒక సున్నా.
ఆషాఢం పడ్డప్పటి నుంచి
నేను రాస్తున్నది సున్నాల పద్దు.

పార్సీగుట్ట కింది గల్లీ.
రాత్రంతా కురిసి ఇప్పుడే అలిసింది వాన.
మోరీ ఏదో, బాట ఏదో, నల్లా గుంత ఏదో,
అంతా ఒకటే చాయ్ రంగు.
మలుపులో మిర్చీబండి అతను
నిన్నటి నూనెలోకి ఇవాళ్టి పిండి జారవిడుస్తున్నాడు.
తరిగి పెట్టిన ఉల్లిగడ్డ మీద ఈగలు
రేషన్ షాపు ముందు జనంలా.
చూపు తిప్పుకున్నాను.
ముక్కును తిప్పుకోలేకపోయాను.
నిజం చెప్తున్నా, ఆకలైంది.

మొగులమ్మ ఇల్లు ఆఖరిది.
పేరులోనే మొగులున్న మనిషి
వానను మాత్రం నోరారా తిడుతుంది.
చిలకలగూడ చౌరస్తాలో
ఉడకబెట్టిన పల్లీలమ్ముతుంది.
ఇవాళ బండి కదల్లేదు.
మనుమడు రాత్రి నుంచి లోపలికీ బయటికీ.
"ఏం తిన్నడు?"
"ఏం తింటడు బిడ్డా, ఇంట్ల బువ్వే.
బయటి తిండి నేను ముట్టనియ్య."

తెల్లారి నల్లా వదిలినప్పుడు
ముందు ఎర్రగా వచ్చాయట, తర్వాత తేటపడ్డాయట.
తేటపడ్డాయి కదా అని బిందె నింపిందట.
గొట్టంలో పట్టాను. చుక్కలు వేశాను.
వెలుతురుకు ఎత్తి చూశాను.
ఏ రంగూ రాలేదు.
అంత తేటగా ఉన్న అబద్ధాన్ని
నేనెప్పుడూ చూడలేదు.

సున్నా చుట్టి తలెత్తేసరికి
ముఖం ముందు స్టీలు చెంబు.
"తిరిగి తిరిగి వచ్చినవ్, తాగు."

వద్దన్నాను.

ఒక్క మాట.
ఆమె నా మెడలోని కార్డు చూసింది.
పేరు చదవలేదు,
పేరు వెనకాల ఉన్నదేదో చదివింది.
"మా ఇంట్ల నీళ్లు తాగరా మీరు?"

ఆ 'మీరు'లో
మా తాతలు ఎత్తు నుంచి
వాళ్ల తాతల దోసిళ్లలోకి వంచిన నీళ్లన్నీ ఉన్నాయి.

క్లోరిన్ లేదని, పైపెక్కడో పగిలిందని,
మోరీ వచ్చి కలుస్తోందని
తెలిసిన శాస్త్రమంతా గబగబా ఒప్పజెప్పాను.
ఆమె చెంబు దించలేదు.
శాస్త్రం చెప్పి నీళ్లు ముట్టని మనుషుల్ని
ఇదివరకే చూసింది కాబోలు.

సంచి దించి గడప మీద కూర్చున్నాను.
"పల్లీలకు పెట్టినట్టు పెట్టమ్మా.
కళపెళా మసలనీ.
తాగే పోతా."

ఆమె నన్ను చూసింది, గ్యాసు బండను చూసింది.
ఒకసారి బండను కదిపి చూసింది.
పొయ్యి ముట్టించింది.

నీళ్లు మసలడానికి అంత సేపు పడుతుందని
అప్పటిదాకా నాకు తెలియదు.
ఆ సేపట్లో పిల్లవాడు రెండుసార్లు లేచాడు.
ఆ సేపట్లోనే ఆమె
రాత్రి పప్పు గిన్నె మూత తీసి, వాసన చూసి,
నా వంక చూసి,
మోరీలో వంచేసింది.
నేనేమీ అనలేదు.
కందిపప్పు ధర ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మసిలిన నీళ్లు సగం గిన్నెలో ఆరబెట్టి
ఓఆర్ఎస్ పాకెట్ చింపి కలిపాం.
చెంచా చెంచా పోస్తుంటే పిల్లవాడు మొహం చిట్లించాడు,
ఉప్పా తీపా తేల్చుకోలేక.
ఇవి నిలవకపోతే, కళ్లు లోపలికి పోతే
ఆగొద్దని, దవాఖానకు ఉరకమని చెప్పాను.

మిగతా సగం నా చెంబులో, పొగలు కక్కుతూ.
"ఊదుకుంట తాగు, నోరు కాల్తది."

కాలింది.
కాలిన నాలుకతోనే గల్లీ దాటాను.
పైపు పని వాళ్లకు ఫోను చేస్తే
రేపన్నారు, రేపు కాకుంటే ఎల్లుండన్నారు.
నోటుబుక్కులో సున్నా పక్కన
ఇంకేదో రాయాలనిపించింది,
దానికి గడి లేదు.

తలెత్తి చూస్తే
మళ్లీ మొగులైంది.