రూపాయి బిళ్ళ

పొద్దున తొమ్మిదింటికే
పంచాయతీ ఆఫీసు వరండాల చాప పరిచిన.
కాంటా, టేపు, బీపీ మిషను,
నా పర్సుల నుంచి ఒక రూపాయి బిళ్ళ.

చండూరు నుంచి ఆటోల వస్తుంటె
టీకాల డబ్బా ఒళ్ళో చల్లగ తగిలింది.
ఇసొంటి చల్లదనమే ఈ ఊరి బోరు నీళ్ళకు ఉండేదట,
దూప తీరినంక గూడ ఇంకో చెంబు తాగేటంత.
ఇప్పుడు ఆ బోరు పిడికి ఎర్ర రంగు.
మేకల కట్టేస్తున్నరు దానికి.

మొదలు ముసలోళ్ళను చూస్త.
సూదుల ఏడుపులు షురువైనంక వాళ్ళు నిలవరు.

"తాతా, గదువ ఛాతీకి ఆనించు."
ఆనలే.
"చేతులు మెడ ఎనకకు."
చెవుల దాక వచ్చి ఆగినయ్.
"ఈ బిళ్ళ కిందేస్తున్న. మోకాళ్ళు వంచకుండ తియ్యి."

ఇద్దయ్య బిళ్ళ దిక్కు చూసిండు.
వీపు పలక. చూపొక్కటే వంగింది.
"పడ్డ రూపాయి నాది కాదనుకునుడు
పదేండ్ల కిందనే నేర్సుకున్న బిడ్డా."
నేను రాసిన: వంగలేడు.
గడి చిన్నది. అంతే పట్టింది.

మూడో తరగతి హన్సిక ఉరికొచ్చి
గడ్డిపరక లెక్క వంగి బిళ్ళ తీసిచ్చింది,
అదొక పరీక్షని తెల్వక.
పండ్లు చూపియ్యమన్న. తెల్లగున్నయ్.
సుద్దముక్క తెలుపా, మామూలు తెలుపా?
ఎండకు తిప్పి మల్ల చూసిన.
మామూలు తెలుపే.
వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
నల్లా వచ్చింది.
పిల్లల పండ్లకు తెలిసింది. ముసలి ఎముకలకు ఇంకా కబురందలే.

స్వరూప పాపను ఉయ్యాల సంచిల ఏసింది.
ఆద్విక. ఆరు నెల్లు.
మాడ మీద వేలు పెట్టిన, కొంచెం లోతుగుంది,
కింద నెత్తురు చిన్నగ తడుతున్నది.
ముల్లు ఊగి ఊగి నిలబడ్డది:
ఐదు కిలోల రెండు వందలు.
పసుపు గీత. ఎరుపుకు ఇంకా జెరంత దూరం.
ఊపిరి ఇడిసిన.

"ఆ కాంటా అబద్ధం," అన్నడు ఇద్దయ్య.

అందరు నవ్విన్రు. ఆయన నవ్వలే.
ముప్పై ఏండ్లు పత్తి మార్కెట్ల దడువాయి.
"సంచి తరుగు తీసినవా?
తియ్యకుంటె రైతులు నా గల్ల పట్టేటోళ్ళు."

చేతులు చాపలేడు,
మోచేతులు సగం మడతల బిగుసుకున్నయ్.
ఆ మడతల్నే స్వరూప పాపను పెట్టింది.
తాత కదలలే. పాపా కదలలే.
కండ్లు మూసిండు.
"ఐదు. ఉప్పుగల్లంత ఎక్కువ లేదు."

ఉత్త సంచి తగిలించి చూసిన.
ముల్లు రెండు వందల కాడ నిలబడ్డది.
పోయిన ఊర్ల ఎవరో సున్నా సరిజెయ్యక మరిచిన్రు,
ఎవరో ఏంది, నేనే.

చిన్న దండకు టేపు చుట్టిన.
ఎరుపు.
ఈ రంగు పొద్దున్నే చూసినట్టు యాదికొచ్చింది,
మేకల తాడు కాడ.

నల్లగొండ పెద్దాసుపత్రి అన్న.
పద్నాలుగు దినాలు, నువ్వు గూడ ఉండాలె అన్న.
పత్తి ఏరే రోజులక్కా, అన్నది స్వరూప.
మా అత్త ఒప్పుకోదన్నది.
ఎవరు ఏం చెప్పినా తల నేలకే ఉంది.
"పత్తి తడిస్తె ధర తగ్గుతది," అన్నడు ఇద్దయ్య,
"అంతే."
ఇంకేం అనలే. పాపను ఇంకా ఇయ్యలే.

కొంతసేపటికి స్వరూప లేచి
బట్టల సంచి కోసం ఇంటికి పోయింది.

రిజిస్టర్ల ఐదుంబాతిక రెండు కొట్టేసి ఐదు రాసిన.
కొట్టేసిన కాడ సంతకం పెట్టాలె. పెట్టిన.
పై గడిల "వంగలేడు" పక్కన
ఇంకింత జాగ ఉంటె ఏం రాద్దునో.

ఆటో అతను హారను కొడుతున్నడు.
సర్దుతుంటె రూపాయి బిళ్ళ దొరకలే.
చాప దులిపిన, డబ్బా ఎత్తి చూసిన.
మెట్ల మీద హన్సిక,
బుగ్గ ఒకదిక్కు ఉబ్బి,
నిమ్మ చాక్లెటు వాసన.