లాకౌట్ రోజుల్లో కోట

మిల్లు గేటుకి నోటీసు అంటించిన పదకొండో నాడు
మా ఆయన గెడ్డం గీసుకున్నాడు.
"లెగండి, ఇజీనగరం కోట సూసొద్దాం" అన్నాడు
ఎవరో పెళ్ళికి పిలిచినట్టు.

పిల్లలు ఎగిరారు. నేను డబ్బాలో చెయ్యి పెట్టి
చిల్లర తడిమి చూశాను.
ఆటోకి సరిపోతుంది. ఐసుకి అనుమానం.

నెల్లిమర్ల జంక్షన్లో ఎక్కాం.
నా ఒళ్ళో చంటి, చంటి ఒళ్ళో పులిహోర కేరేజీ,
అత్త సన్యాసమ్మ డ్రైవరు పక్కన
సగం సీటు మీద, సగం గాలిలో.
మిల్లు ముందు నుంచి పోతుంటే
పెద్దవాళ్ళం ముగ్గురం ముగ్గురు దిక్కులు చూశాం.
చంటిగాడొక్కడే గేటుకి చెయ్యి ఊపాడు.

దిగి తలెత్తితే
గోడ. గోడ. ఇంకా గోడ.
రాతి సందుల్లో గడ్డి, పావురాల రెట్టలు,
ఎవడో బొగ్గుతో రాసుకున్న ప్రేమ,
దాని మీద సగం అతికించిన కోచింగు సెంటరు కాగితం.

"రాజు ఏడే?" అన్నాడు చంటి.
అప్పుడే పెద్ద వాకిట్లోంచి
కాలేజీ గుంటలు గలగలమంటూ వచ్చారు,
ఒకర్తె చెప్పు తెగి కుంటుతోంది, నవ్వుతోంది.
"ఈళ్ళేరా" అంది మా కుసుమ.
అని, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

మా ఆయన చరిత్ర అందుకున్నాడు.
అయిదు విజయాలు కలిసినప్పుడు కట్టారంట.
విజయ నామ సంవత్సరం, ఒకటి.
విజయదశమి, రెండు.
మంగళవారం, దాన్నే జయవారం అంటారు, మూడు.
వేళ్ళు రెండు మిగిలిపోయాయి గాలిలో,
గోళ్ళ సందున ఇంకా జనప పీచు.
"మిగతావి తర్వాత సెప్తాను."

అత్త ఎటో పోయింది.
వెతికితే బురుజు మూల నిలబడుంది.
"ఏడేళ్ళప్పుడు, సిరిమాను నాడు,
ఇదిగో, ఈడే తప్పిపోయాను.
గాజులమ్మొకర్తె జీళ్ళిచ్చి కూకోబెట్టింది" అంది,
తప్పిపోయిన పిల్ల ఇప్పుడే దొరికినట్టు.
ఆ చోటే కూర్చుంటానని మొండికేసింది.
అక్కడే కేరేజీ విప్పాం.

వాచ్‌మన్ వచ్చాడు, "ఇక్కడ తినకూడదమ్మా."
ఆకులు మడవబోతుంటే అడిగాడు:
"ఏ ఊరు?"
"నెల్లిమర్ల."
"మిల్లా?"
"ఊఁ."
వెళ్ళిపోయాడు.
కాసేపటికి చల్లనీళ్ళ సీసా తెచ్చి మా మధ్య పెట్టి
తను అటు తిరిగి నిలబడ్డాడు.

వచ్చేటప్పుడు మా ఆయన వాకిట్లో ఆగిపోయాడు.
తలుపు మీద అరచెయ్యి వేసి
కింద నుంచి పైదాకా చూశాడు.
పిల్లలు పనితనం చూస్తున్నాడనుకున్నారు.
ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు.
కర్ర ఉంది, ఇనుము ఉంది.
కాగితం లేదు.

ఐసులు రెండొచ్చాయి, అయిదుగురం నాకాం.
అత్త వంతులో సగం చంటిగాడి చొక్కా తాగింది.

రాత్రి దీపం ఆర్పాక
చీకట్లో అన్నాడు:
"ఊరి పేరే కదే. విజయనగరం. అదే అయిదోది."
నిద్రలో అనుకున్నాను, కాదు, మేలుకునే ఉన్నాడు.
నాలుగోది నేను అడగలేదు.
చాప అవతలి నుంచి అత్త గొణిగింది
"రేపు ఏ వారమర్రా?"

బుధవారం.
పన్నెండో రోజు.