రేకు

పొయ్యి మీద కుండ బోర్లించుకుని కూర్చోవడం మొదలెట్టి
ముప్పై నాలుగేళ్ళు.
జయబియ్యం పిండినీళ్ళలో గుడ్డ ముంచి
కుండ వీపు మీద ఒక్క ఊపున లాగితే
రెప్పపాటులో రేకు.
అంచు పట్టి లేపాలి, ఊపిరి తగలకుండా.
చిరిగిందా, అది డబ్బాలోకి పోదు,
పిల్లల నోట్లోకి పోతుంది.
నా చేతిలో చిరిగేవి తక్కువని
ఆత్రేయపురంలో ఎవర్నడిగినా చెబుతారు.

రెండేళ్ళ కిందట శుక్లం తీశారు.
కట్టు విప్పిన పూట
కొబ్బరి మట్టకి ఈనెలు లెక్కపెట్టాను,
ఎవరూ అడక్కుండానే.
ఈ శీతాకాలం నుంచి మళ్ళీ పొగ.
పొయ్యిదే అనుకున్నాను,
మట్టలు తడిశాయేమో, గాలి ఎదురేమో.
పొయ్యి ఆరాక కూడా పొగ పోలేదు.
కొంగుతో కళ్ళజోడు తుడిచాను, కన్ను తుడిచాను,
గోడ మీది క్యాలెండరు కూడా తుడిచాను.

బొబ్బర్లంక దాటి ఆనకట్ట మీదుగా రాజమండ్రి బస్సు.
కిటికీలోంచి గోదారి
పిండినీళ్ళ గిన్నెలా ఉంది,
తలుపులెక్కడో నీళ్ళెక్కడో తెలీలేదు.
"వరదొచ్చిందా బాబూ?" అన్నాను.
పక్క సీటు కుర్రాడు నవ్వాడు,
"మాఘమాసంలో వరదేంటండి!"

"పెచ్చెట్టి కనకరత్నం గారెవరండీ!"
చుక్కలు. గంటసేపు బల్ల మీద. మళ్ళీ చుక్కలు.
డాక్టరమ్మ చిన్నపిల్ల.
"శుక్లం తిరిగి రాలేదమ్మా, రాదు కూడా.
లోపల అద్దం పెట్టిన సంచీ ఉందే,
దాని వెనక పొర మసకబారింది.
లేజరుతో మధ్యలో చిన్న కిటికీ తెరుస్తాను."
"అంటే?"
"అంటే, పొర చింపుతాను."

నవ్వొచ్చింది నాకు.
"ఎంత పల్చన ఉంటుందమ్మా ఆ పొర?
మా పూతరేకు కంటేనా?"
కాసేపు ఆలోచించింది. తినే ఉంటుంది.
"అంతకంటే కూడా" అంది.
రేకు దగ్గర నేను ఓడిపోవడం
అదే మొదలు.

గడ్డం ఇక్కడ, నుదురు అక్కడ.
పట్టీ బిగించారు. కదలొద్దన్నారు.
కదలకుండా కూర్చోవడం నాకు నేర్పాలా!
ఎర్రచుక్క ఒకటి,
బూడిదలో దాక్కున్న నిప్పులా.
టిక్.
టిక్ టిక్.
నొప్పి లేదు, ఎండుపుల్ల విరిగినంత చప్పుడు.
బతుకంతా చిరగనివ్వకుండా కాచుకున్నదాన్ని
ఎవరో నాలో కూర్చుని శ్రద్ధగా చింపుతున్నారు.
చింపడానికీ ఓ చెయ్యి ఉండాలి,
ఒప్పుకున్నాను.

సాయంత్రం దాకా ఎండ గుచ్చింది.
నల్లటి నలకలు రెండు మూడు ఈదుతుంటే
దోమలనుకుని చెయ్యి విసిరాను.
కొన్నాళ్ళుంటాయట.
మెరుపులు మెరిస్తే మాత్రం
పరిగెత్తుకు రమ్మన్నారు.

మర్నాడు చీకటితోనే పొయ్యి రాజేశాం.
అటు కుండ దగ్గర మా తోటికోడలు వీరమాణిక్యం.
తీసిన రేకు వెలుతురుకెత్తాను,
అందులోంచి మంట కనిపించింది,
మంట వెనక మాణిక్యం నుదుటి మీద
ఎండిన పిండిచుక్క కనిపించింది.
ఆనక నా బుట్ట చూసుకున్నాను.

నాది ఎడమచేతి వాటం.
నా రేకుకి ఎడమ అంచున చిన్న నొక్కు పడుతుంది.
అడుగు వరసలు, మొన్న నా లెక్కలో పేర్చినవి,
సగానికి పైగా నొక్కు కుడివైపు.
మాణిక్యం వెనకాల చిల్లుల గిన్నెలో
చిరుగులన్నీ ఎడమ నొక్కువి.

ఇన్నాళ్ళూ షావుకారు నా సరుకు
ఒక్కసారీ తిప్పి పంపలేదు.
చేతి మహిమ అనుకున్నాను,
బస్సులో ఆ కుర్రాడితో కూడా చెప్పాను.

ఏమీ అనలేదు నేను.
మాణిక్యం తన రేకుని ముక్కు దాకా తెచ్చుకుని
కళ్ళు చికిలించి చూస్తోంది.
"ఇవాళ పొగ ఎక్కువుంది కదక్కా" అంది.

మట్టలు గలగలమంటున్నాయి, అంత ఎండినవి.
"పొగ కాదే. లే.
చీర మార్చుకో.
రాజమండ్రి బస్సు ఏడుంపావుకి."