తక్కువ చెప్పిన వైపు

ఖోరోగ్ దాటి నాలుగు గంటలు.
వ్యాను ఆగింది. చెడిపోయి కాదు,
గుల్సిఫత్ ఆపింది.

"నూనె చూడాలి."
"పొద్దున చూశావుగా?"
"పొద్దున బండి వాలులో ఉంది.
వాలులో పుల్ల అబద్ధమాడుతుంది."

నాకు తొందర.
ముర్గాబ్ సంతలో నా గొర్రెలు నలభై,
పొద్దు వాలితే వాటి ధరా వాలుతుంది.

వెనక సీటులోని ముసలి నియోజ్‌మోని అడిగి
గిన్నెలో టీ పోయించుకుంది.
తాగడానికనుకున్నాం.
తీసుకెళ్లి చక్రం పక్కన నేల మీద పెట్టి
వంగి చూసింది.
టీ ఒక అంచుకి ఎగబాకి
రెండో అంచుకి ఎడంగా నిలిచింది.
బండెక్కి ఇరవై గజాలు ముందుకి. మళ్లీ గిన్నె.
పది గజాలు వెనక్కి. మళ్లీ గిన్నె.
మూడోసారికి టీ అన్ని వైపులా ఒకే మాట చెప్పింది.
చల్లారినదాన్ని తనే తాగేసి
గిన్నె తుడిచి ఇచ్చేసింది.

అప్పుడు ఇంజన్ ఆపింది.
ఆపి, ఊరికే నిలబడింది.

"ఇంకా దేనికి?"
"తలకెక్కినది దిగొద్దూ?"

పది నిమిషాలు.
కొండ మీద యాక్‌లు మమ్మల్ని చూసి చూసి
విసుగొచ్చి మేతలో పడ్డాయి.
"మా అన్న అలిదోద్ ఆగేవాడు కాదు" అంది, ఎవరూ అడక్కుండానే.
"పుల్ల నిండుగా ఉందనేది, వాడు నమ్మేవాడు.
ఇప్పుడు కనుమ కింద
సీసాల్లో పెట్రోలు అమ్ముతున్నాడు."

పుల్ల లాగింది. దాని వైపు చూడనైనా లేదు,
పాత చొక్కా చేతిగుడ్డతో తుడిచేసింది.
"ఇది గతుకులు చెప్పిన మాట."
మళ్లీ దించింది, టక్‌మని కూర్చునేదాకా.
తీసి అడ్డంగా పట్టుకుంది.
ఒకవైపు, పై గీతకి వెంట్రుకవాసి కింద.
తిప్పింది.
మరోవైపు, కింది గీతకి కాస్తే పైన.

"పైది తీసుకో, పోదాం" అన్నాను.

నా వంక చూసింది.
నా గొర్రెల సంగతి ఈమెకెవరు చెప్పారా అనుకున్నాను.

"రెండు వైపులూ రెండు మాటలు చెబితే
తక్కువ చెప్పిందే నిజం.
ఎక్కువది గొట్టం గోడకి రాసుకుని తెచ్చుకున్నది."

కొంచెం పోసింది. ఆగింది. మళ్లీ పుల్ల.
ఇంకొంచెం.
పై గీత ముట్టకముందే డబ్బాకి మూత బిగించింది.
"నింపెయ్యవా?" నియోజ్‌మో అడిగింది.
"మరీ నిండితే నురగ కడుతుందవ్వా.
నురగ దేన్నీ కాపాడదు."

సంతకి చేరేసరికి నీడలు సాగాయి.
తూకపు కొక్కేనికి గొర్రె వేలాడుతూ
గాలిని తన్నుతోంది.
ముల్లు పైకెగిరిన క్షణాన అంకె అరవడం
ముప్పై ఏళ్లుగా నా పనితనం.

"ఎంతయ్యా?" కొనేవాడు పుస్తకం తెరిచాడు.

"ఉండు" అన్నాను.

"దేనికి?"

గొర్రె ఇంకా తన్నుతోంది.