మూడో వంతు మనిషి

నల్లగుడ్డలోకి తల దూరిస్తే
మిల్లు తలకిందులుగా ఉంటుంది.
క్రేన్లు కింద వేలాడుతుంటాయి,
నేల నా నుదుటికి తగులుతున్నట్టుంటుంది.
ముప్పై ఏళ్లుగా గరుకుటద్దం మీద ఇలాగే చూసీ చూసీ
ఇప్పుడు నిటారుగా ఉన్నదేదైనా కనబడితే
ఎక్కడో లెక్క తప్పిందనిపిస్తుంది.

ఫిన్లాండ్ తూర్పున, నవంబరులో,
మూడింటికే చీకటిపడే ఊరు.
కాగితం మిల్లు మూసేశారు,
మూడో నంబరు యంత్రాన్ని అమ్మేస్తున్నారు.
కొనేవాళ్లు సముద్రం అవతల ఉన్నారు.
వాళ్లకి ప్రతి బోల్టూ కనబడాలట,
మనిషి మాత్రం కనబడకూడదట.
కాంట్రాక్టులో ఆ వాక్యం కింద గీత కూడా గీశారు.

తెచ్చుకున్నవి నాలుగు ఫిల్ము షీట్లు.
ఎనిమిదంగుళాలు, పదంగుళాలు.
ఒక్కోటీ ఇద్దరి భోజనం ఖరీదు.
రాత్రి హోటల్ బాత్రూంలో, తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి,
అంచు మీది గంట్లు వేలితో తడుముతూ
హోల్డర్లలోకి ఎక్కించాను.
అలాంటప్పుడు కళ్లు తెరిచే ఉంటాయి,
ఎందుకో తెలీదు.

తాళాలు ఉర్పో దగ్గరున్నాయి.
యంత్రానికి తడి కొస, పొడి కొస అని రెండుంటాయనీ
తాను తడి కొస మనిషిననీ చెప్పాడు,
ఇంటిపేరు చెప్పినట్టు.
"నేను తప్పుకోవాలా?"
"అక్కర్లేదు. కదులుతూ ఉండండి,
కదిలేవాళ్లు ఇందులో పడరు."
"ముప్పై ఒక్కేళ్లు ఈ తడినేల మీద నడిచాను,
ఒక్కసారే పడ్డాను" అన్నాడు.
నవ్వాడో లేదో తెలీలేదు.

ముందుపలక కాస్త వంచాను,
దగ్గరి రోలరు నుంచి దూరపు గడియారం దాకా
ఒకే పదును రావాలి.
లెన్సు కంతని సూదిబెజ్జమంత చేశాను.
మీటరు మూడు నిమిషాలంది.
ఫిల్ము అంత తొందరగా ఒప్పుకోదు,
వెలుగు తగ్గేకొద్దీ దానికి బద్ధకం.
పన్నెండు నిమిషాలు.

షట్టరు తెరిచాక నాకు పనేమీ లేదు.
ఈ వృత్తిలో బిల్లులో రాయని కష్టం ఇదొక్కటే,
కదలకుండా నిలబడటం.
ఉర్పో చీపురు పట్టుకుని అటు వెళ్లాడు, ఇటు వచ్చాడు.
ఊడవడానికక్కడ ఏమీ లేదు.
ఐదో నిమిషంలో ఆగిపోయాడు.
ఎండబెట్టే సిలిండర్ మీద అరచెయ్యి పెట్టాడు,
జ్వరమేమైనా ఉందా అని చూసినట్టు.
ఏప్రిల్ నుంచీ చల్లబడి ఉన్న ఇనుము.
పిలవాలి.
పేరు నాలుక చివరిదాకా వచ్చింది.
తొమ్మిదో నిమిషంలో తనే చెయ్యి తీశాడు.

రెండో షీటప్పుడు బయట లారీ వెళ్లింది, నేల వణికింది.
మూడోదానికి స్లయిడు లాగడం మరిచాను,
ముప్పై ఏళ్ల తర్వాత కూడా, అవును.
నాలుగోదానికి వెలుగు మిగల్లేదు.

ఇంటికొచ్చి కడిగి, ఆరబెట్టి,
దీపప్పెట్టె మీద పెట్టి భూతద్దం ఆనించాను.
ఉన్నాడు.
అతని చొక్కాలోంచి సిలిండర్ కనబడుతోంది,
పక్కటెముకలుండాల్సిన చోట బోల్టులు.
ఎంచాను. ఒక్కటీ తగ్గలేదు.
చీపురు లేదు, ముఖం మబ్బు.
అరచెయ్యి మాత్రం
ఆ హాలంతటిలోకీ పదునైన వస్తువు.

పన్నెండులో నాలుగు. మూడో వంతు మనిషి.
కాంట్రాక్టు మనిషి కనబడకూడదంది,
మూడో వంతు సంగతి ఏమీ అనలేదు.
పంపించేశాను.
డబ్బొచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఉర్పోకి ఒక ప్రింటు పోస్టులో వేశాను.
"యంత్రం బాగా పడింది" అని జవాబు రాశాడు, అంతే.

అవతల యంత్రాన్ని తిరిగి బిగించేటప్పుడు
ఆ ఫొటోని గోడంత చేసి అతికించుకుంటారట,
ఏ బోల్టు ఎక్కడిదో చూసుకోవడానికి.
ఎవడో కుర్రాడు నిచ్చెనెక్కి
నాలుగో సిలిండర్ దగ్గర ఆగుతాడు.
మరక అనుకుని
బొటనవేలితో తుడుస్తాడు.
ఇంకోసారి తుడుస్తాడు.