చాకిరేవులో రోము

సాయంత్రం ఇస్త్రీ చీరల కోసం వచ్చి
కృపారత్నం టీచరుగారు బండమీద కూర్చుంటారు.
పైన పాత అక్విడెక్టు. కాలువ నదిని దాటి పోతుంటుంది.
కింద వైనతేయ, ఏమీ ఎరగనట్టు, తన దారిన తాను.

"అక్విడెక్టు మాట మనది కాదే" అన్నారు ఒకరోజు,
"అక్వా అంటే నీళ్ళు. పాత రోమువాళ్ళ భాష."
పల్లాలమ్మత్త పంచె పిండుతూ
"నీళ్ళు మాత్రం మనయ్యేగదండీ" అంది.

ఆ రోజునుంచీ గన్నవరం రేవుకి రోము వచ్చింది,
రోజుకో వింత, మురికి మూటల మధ్య చతికిలబడి.

వాళ్ళు పడుకుని తినేవారట,
ఎడమ మోచేతిమీద ఒరిగి.
"పొలమారదూ!"

చేప పేగులు ఉప్పులో వేసి
నెలల తరబడి ఎండలో మగ్గబెట్టి
ఆ రసం కూరల్లో, పిండివంటల్లో కూడా పోసేవారట.
మేమంతా ముక్కు మూసుకున్నాం. అత్త మూసుకోలేదు.
ఓడలరేవు ఎండుచేపల బుట్ట తలుచుకుందేమో,
"చింతపండు ఏసేవోరు కాదా?" అని మాత్రం అడిగింది.

వేసవిలో ఒక అర్ధరాత్రి
ఇంటి పెద్ద చెప్పుల్లేకుండా లేచి
నల్ల చిక్కుడుగింజలు భుజం మీదుగా విసిరేవాడట,
చచ్చిపోయినవాళ్ళు వెనకాలే వచ్చి ఏరుకుంటారట.
"ఎనక్కి తిరిగి సూడకూడదు. అంతేగా?"
టీచరుగారు పుస్తకం మూసి అత్తకేసి చూశారు.

ఏడాదికోసారి చలికాలంలో
బానిసలు కూర్చుంటే దొరలు వడ్డించేవారట.
అత్త చేతిలో దుప్పటి
బండ మీదికి లేచి, గాల్లోనే ఆగింది.
"మర్నాడో?"

మర్నాడు మామూలే.
దుప్పటి దబ్బున పడింది.

ఇంకోటుంది, చెప్పనా వద్దా అని
నసిగి నసిగి ఒక శుక్రవారం చెప్పేశారు.
అక్కడ వీధి మలుపుల్లో కుండలు పెట్టేవారట,
దారినపోయే మగాళ్ళు అందులో కానిచ్చి పోతే
చాకళ్ళు అది మోసుకెళ్ళి తొట్లలో పోసి
బట్టలేసి తొక్కేవారట.
ఆ తెలుపు కట్టుకునే పెద్దమనుషులు సభకెళ్ళేవారు.
వీరవేణి నవ్వి నవ్వి నీళ్ళలో కూలబడింది.

దానిమీద పన్ను కూడా వేశాడట ఒక చక్రవర్తి.
కొడుకు చీదరించుకుంటే
నాణెం వాడి ముక్కుకాడ పెట్టి
"వాసనొస్తోందా?" అన్నాడట.

అత్త నవ్వలేదు.
బొడ్లోంచి తడిసిన పదిరూపాయల కాగితం తీసి
వాసన చూసింది. నా ముక్కుకాడా పెట్టింది.
నీలిమందు. సబ్బు. ఎవరిదో పసుపు.
"దొడ్డిదారిన ఎల్లి పురిటిగుడ్డలు, సావుదుప్పట్లు తెచ్చేవోళ్ళం.
సెయ్యి తగలకుండా పైనించి పడేసేవోరు డబ్బులు.
అయ్యే డబ్బులు కిరాణా కొట్టోడు కాదన్లేదు."

తర్వాత చాలాసేపు బండల చప్పుడే.
కాలువ మీద ఎవరిదో పడవ ఇంజను దగ్గింది.

"ఆళ్ళ కాళ్ళేమయ్యాయండీ?"
ఎవరి కాళ్ళు?
"ఆ తొట్లో తొక్కినోళ్ళయ్యి."

టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని
ఆ పేజీ, దాని వెనక పేజీ, చివర సూచిక చూశారు.
రాజుల పేర్లు, కట్టడాల పేర్లు, ఎత్తులు, వెడల్పులు.
ఈలోగా అత్త చీర కాస్త పైకి దోపి
తన కాళ్ళు నీళ్ళలోంచి బయటికి తీసి బండమీద ఆరబెట్టింది.
వేళ్ళ సందుల్లో తెల్లగా నాని పగిలిన చర్మం,
మడమలో ఏనాటిదో పిన్నీసు గుచ్చుకున్న మచ్చ.
చూడమని అనలేదు. ఆరబెట్టుకుంది, అంతే.

చీకటి పడుతుంటే టీచరుగారు చీరలు ఎంచుకున్నారు.
గళ్ళ చీర అంచు మూల
జీడిగింజతో అత్త పెట్టిన గుర్తు:
మూడు చుక్కలు, ఒక అడ్డగీత.
ఇన్నేళ్ళుగా కడుతున్న చీరే.
బొటనవేలితో తడిమి
"ఇదెప్పుడు పెట్టావు పల్లాలమ్మా?" అన్నారు.