రోహిణి కార్తెలో హీటర్

కనిగిరి, పామూరు రోడ్డు,
లారీల కాటా పక్కన రేకుల షెడ్డు.
నా పాత ఇండికా ముందుకాళ్ళు
రెండు కడప బండల మీద పెట్టుకుని
ముక్కు పైకెత్తి నిలబడింది.
"గాలికి ఎత్తంటే ఇష్టం సారూ,
దానికో మెట్టు చూపించాల" అన్నాడు సిలార్ భాయ్.

నిన్న హనుమంతునిపాడు దాటాక
బానెట్ సందుల్లోంచి ఒకటే ఆవిరి.
ముల్లు మాత్రం చల్లగా, కింది గీత దగ్గరే.
"ముల్లు నీళ్ళలో మునగలా,
గాలిలో వేలాడతా ఉంది.
గాలినడిగితే నిజమెట్టా చెప్పుద్ది?"

కింద మర తిప్పితే
బేసిన్‌లోకి టీ రంగు, తర్వాత ఇటుక రంగు,
ఆఖర్న తెల్లటి సున్నం పెచ్చులు.
నేను పోసినవే.
నాలుగేళ్ళుగా, బడి బోరు దగ్గర, బకెట్‌తో, ధీమాగా.
చెప్పేది సైన్సు పాఠం.

గురవడు బకెట్ పట్టుకుని బోరింగు వైపు నడిచాడు.
"యాడికిరా?"
సిలార్ లేవబోయి, సగంలో,
మోకాలి మీద చెయ్యేసి ఆగాడు.
వేళ్ళు వంకర. మెడ తిప్పాలంటే
మనిషంతా తిరగాలి.
"ఆ నీళ్ళు నాకు పోశారు, చాల్లే.
దీనికి బ్యాటరీ నీళ్ళ క్యాను తే"
అన్నాడు నవ్వుతూనే.
నేనూ నవ్వాననుకుంటా.

పచ్చ కూలెంటు సగం, క్యాను నీళ్ళు సగం.
గరాటులో సన్నటి ధార,
చంటిదానికి ఆముదం పట్టినట్టు.
గురవడు పైగొట్టం పిసుకుతున్నాడు
చేపు రాని గేదె దగ్గర కూర్చున్నంత ఓపికగా.
బుళుక్.
ఆగింది.
బుళుక్, బుళుక్.
"వస్తన్నాడు, నక్కినోడు వస్తన్నాడు!"

"ఇంజను ఏసి, హీటర్ పెట్టండి సారూ. ఫుల్లుగా."
మధ్యాహ్నం రెండు.
రేకు మీద కాకి
ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుకుంటోంది.
ఈ కారు కొన్నాక ఆ మీటను ఎర్రగీత వైపు
ఒక్కసారీ జరపలేదు నేను.
ఏ మంచు ఊరివాళ్ళ కోసమో పెట్టారనుకున్నా.
జరిపాను.
పది నిమిషాలకి కూడా చల్లగాలే.
హాయిగా మొహం అడ్డం పెట్టాను.
"చల్లగా ఉందా? అయితే ఇంకా లోపలే ఉన్నాడు."
హాయి కూడా రోగలక్షణమని
నాకెవరు చెప్పారు ఇన్నాళ్ళూ?

గాలి మర అరచుట్టు వదిలాడు.
ఉస్సు...
నురగ, తుంపర, మళ్ళీ నురగ,
ఆపైన తెగని పచ్చధార.
మర బిగిసింది.
రేడియేటర్ గొంతులో మట్టం
ఒక్క గుటక వేసి కిందికి దిగింది.
"తాగింది. ఇంకో లోటా పొయ్యరా."

అప్పుడొచ్చింది వేడి,
కాళ్ళ మీదికి, కళ్ళద్దాల మీదికి,
పొగాకు బ్యారన్ తలుపు తీసినట్టు.
చొక్కా వీపుకి అంటుకుంది.
ముల్లు కదిలి సగం దగ్గర నిలిచింది.
ముందు ఫ్యాను గిర్రున తిరిగింది, ఆగింది.
పని అయిపోయింది.
మీట మీదికి నా చెయ్యి వెళ్ళేలోపు

సిలార్ కిటికీలోంచి చెయ్యి పెట్టి
ఆ వేడిగాలికి వేళ్ళు చాపాడు,
ఎంతవరకు చాపగలడో అంతవరకు.
కొంచెంసేపు.
కాదు, చాలాసేపే.
"కీళ్ళకి బాగుంది సారూ."

డీజిల్ కాలితే కాలనీ అని
చెమటలో
అట్టాగే కూర్చున్నా.